ఏడవని పాప

సోమవారం, రాత్రి.

ఇవాళ ఓపీలో పిల్లల ఏడుపులకు తల పగిలిపోయింది. గట్టిగా ఏడ్చేవాళ్లనే ముందు చూసి పంపేశాను. ఇచ్చోడ అవతలి నుంచి వచ్చిన ఒక తల్లి మాత్రం, ఒళ్లో పాపతో వరుస చివర కిమ్మనకుండా కూర్చుంది. "ఆమెను చూసి ఓపిక నేర్చుకోండ్రి!" అని మిగతావాళ్ల మీద అరిచాను.

ఆమె వంతు వచ్చాక పాప చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయింది. పిలిస్తే కళ్లు తెరవలేదు. ఏడ్చే సత్తువ లేని బిడ్డనే ముందు చూడాలని నర్సులకు పాఠం చెప్పేది నేనే!

సెలైన్ పెట్టి ఆదిలాబాద్ పంపాను. అక్కడినుంచి ఇంకా ఫోన్ రాలేదు.

అంబులెన్స్ ఎక్కుతూ ఆ తల్లి నాకు దండం పెట్టింది. "తప్పైంది సారూ, మంచిగ పండుకున్నదనుకున్న. జర ముందుగాల చెప్పకపోతి."

నేను తలూపి, "ఇంకోసారి గట్ల చెయ్యకమ్మా" అన్నాను.