శనివారం చేపలు

2009 జూన్ 6, శనివారం

శుక్రవారం చేపలకు మేత వేయకూడదు. ఇది మా ఓనర్ రాజగోపాల్ గారి మొదటి రూలు. కడుపు నిండిన చేప కస్టమర్ కాలి వంక చూడనైనా చూడదట. అందుకని శనివారం రద్దీ కోసం గురువారం సాయంత్రం నుంచే వాటికి పస్తు. ఇవాళ షట్టర్ ఎత్తి నా నీడ నీళ్ళ మీద పడిందో లేదో, తొట్టెలోవన్నీ ఒక్క మూలకి పరిగెత్తుకొచ్చాయి. కారణం తెలియనివాళ్ళకి ముచ్చటగా ఉంటుంది.

బెళ్ళందూరు రింగ్ రోడ్డు, మాల్ రెండో ఫ్లోర్, ఫిష్ స్పా. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే చేపలొచ్చి చచ్చిన చర్మం తింటాయి, పాదాలు నున్నగా అవుతాయి. బోర్డు మీద రెండు సంగతులు పెద్దక్షరాల్లో రాయించారు. ఒకటి, టర్కీ డాక్టర్ ఫిష్. పచ్చి అబద్ధం. అవి కావేరి వైపు కొండవాగుల్లోంచి డ్రమ్ముల్లో లారీ మీద వస్తాయి. రెండోది, క్వాలిఫైడ్ నర్సు పర్యవేక్షణ. అది నేను. రూతు, జీఎన్ఎమ్, గుంటూరు. తెల్లకోటు వేసుకుని, ఎవరి కాలికైనా పుండు గానీ, ఒంట్లో షుగర్ గానీ ఉంటే వెనక్కి పంపడం నా డ్యూటీ.

చర్చిలో మాత్రం స్కిన్ క్లినిక్ అని చెప్పాను. పోయిన ఆదివారం పాస్టరమ్మగారు నా ఉద్యోగం కోసం అందరిచేతా స్తుతి చెప్పించారు. నేనూ గట్టిగా ఆమెన్ అన్నాను.

జూన్ 10, బుధవారం, మధ్యాహ్నం 3

జనం లేరు. వెనక గదిలో కొత్త లోడు వచ్చిన తొట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. డ్రమ్ములో చేపలతోపాటు వాగు రాళ్ళు కూడా వచ్చాయి, పాచి పట్టినవి. వాటిని అలాగే తొట్టెలో వేశాం.

గోధుమరంగు చేపలు రాయికి మూతి ఆనించి పాచి గీక్కుంటాయి. పొద్దస్తమానం అదే పని. సన్న చారలవి రాయిని ముట్టవు. గోధుమరంగువాటి వెనకే తిరుగుతుంటాయి. అవి గీకినప్పుడు దుమ్ము లేస్తుంది కదా, అందులో కొట్టుకొచ్చే పురుగూ పుట్రా ఏరుకుంటాయి. ఒకదాని తిండికి ఇంకోటి అడ్డు రాదు. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ముందు తొట్టెలో రాయి లేదు. కాళ్ళే ఉన్నాయి. గోధుమరంగువి కాలు గీకుతాయి, చారలవి వెనకే వస్తాయి. చర్మం ఎక్కడ చిట్లితే అక్కడికి. మొన్న ఒక పిల్లాడి మోకాలు చెక్కుకుపోయిన చోట గుంపు కట్టాయి. రెండు రకాల్నీ విడదీద్దాం సార్ అన్నాను. ఎక్కువ చేపలు కనిపిస్తేనే జనం వస్తారు, ఇదేమన్నా యూనివర్సిటీనా అన్నారు రాజగోపాల్ గారు.

జూన్ 13, శనివారం

ఇద్దర్ని వెనక్కి పంపాను. ఒకరికి మడమ తెగి ఉంది, ఇంకొకరికి వేళ్ళ మధ్య ఒరిసిన పుండు. సాయంత్రం రాజగోపాల్ గారు పక్కకి పిలిచారు. కోటు ఇచ్చింది జనానికి నమ్మకం కలగడానికి రూతూ, తరిమెయ్యడానికి కాదు. ఇంకోసారి ఇలా చేస్తే కోటు టికెట్లు చింపే సమీనాకి వేస్తాను, కోటు ఎవరికైనా సరిపోతుంది అన్నారు.

ఇంటికొస్తే మా ఆయన స్టాన్లీ చపాతీలు ఒత్తుతున్నాడు. వాళ్ళ కాల్ సెంటర్ మూసేసినప్పటి నుంచి వంట ఆయనదే. డ్యూటీ ఎలా జరిగింది అన్నాడు. ఫస్ట్ క్లాస్ అన్నాను.

జూన్ 20, శనివారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఇంకా నీచం.

మంచి రద్దీ మీద కాటన్‌పేట నుంచి ఒక పెద్ద కుటుంబం వచ్చింది. తాతల నాటి నుంచీ అక్కడ బట్టల హోల్‌సేల్ అట. ఇంటిపెద్ద పేరు వెంకటగిరియప్ప. తెల్ల పంచె, బోసినవ్వు. మనవరాలు చాందిని ఆయన చెయ్యి పట్టి లాక్కొస్తోంది. నా తెలుగు వినగానే ఆయన ముఖం విప్పారింది. మనోళ్ళేనా అమ్మా నువ్వు, యా ఊరు, గుంటూరా, చెన్నాగుండాది పో అని మెచ్చుకున్నారు. తర్వాత నా కోటు చూసి గొంతు తగ్గించారు. నాకు షుగర్ ఉండాది కదమ్మా, శానా ఏండ్లాయె, ఈ చేపల్లో కాళ్ళు పెట్టొచ్చునా అని అడిగారు.

ఆయనంతట ఆయనే అడిగారు. నేను అడగాల్సిన మాట.

పాదం చూశాను. మడమ పగుళ్ళు. బొటనవేలి పక్కన చెప్పు ఒరిసి చిన్న పచ్చి పుండు. వంగి, అరికాలిని వేలితో నొక్కాను, గోరు దిగేటట్టు. కాలు కదల్లేదు. స్పర్శ పోయిందని ఫస్ట్ ఇయర్ పిల్లకైనా తెలుస్తుంది. తలెత్తితే ఆయన నా వైపే చూస్తూ నవ్వుతున్నారు. కౌంటర్ దగ్గర రాజగోపాల్ గారు కూడా నన్నే చూస్తున్నారు, చేతిలో ఆ కుటుంబం టికెట్లన్నీ పట్టుకుని.

పర్వాలేదు తాతగారూ, రండి అన్నాను. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట!

అందరూ కితకితలకి కేకలు పెడుతున్నారు. కోడలు మునిలక్ష్మి అయితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. ఆయనొక్కరే కదలకుండా కూర్చున్నారు. ఏమప్పా ఇవి, నన్ను కరవనే లేదే, ముసలోడి కాలు రుచి లేదేమో అని ఇంకా నవ్వించారు. నేను నీళ్ళలోకి చూశాను. అందరికంటే ఆయన కాళ్ళ మీదే చేపలు ఎక్కువ. గోధుమరంగువి మడమల చుట్టూ. చారలవి మాత్రం బొటనవేలి పక్కన, ఆ పచ్చి దగ్గర, గుంపుగా. టైమర్ మోగేదాకా నేను నోరు తెరవలేదు.

వెళ్తూ నా ఫోన్ నంబరు తీసుకున్నారు. తెలుగు నర్సమ్మ ఒకతె మనకు తెలిసుంటే మంచిది కదా అని. సల్లగా ఉండు తల్లీ అన్నారు.

జూన్ 21, ఆదివారం

చర్చికి పోలేదు. తలనొప్పి అని చెప్పాను.

జూలై 2, గురువారం

ఆయన ఫోన్ చేశారు.

బొటనవేలి దగ్గర పుండు ఉండాదమ్మా, నొప్పేమీ లేదు, నొప్పి లేకుంటే భయమేమి అన్నారు. చేపలు చెడ్డ తోలు తింటాయి కదా, శనివారం మళ్ళా వచ్చి పెడితే శుభ్రమైపోతుందేమో, నిన్ను అడిగి వస్తామని ఫోన్ చేసినా అన్నారు.

నన్ను అడిగి!

వద్దు తాతగారూ అని అరిచాను. తొట్టెలో కాళ్ళు పెట్టుకున్నవాళ్ళంతా నన్నే చూశారు. ఫోన్ మునిలక్ష్మికి ఇప్పించాను. అంచు నల్లబడింది, వాసన కూడా వస్తా ఉండాది అంది ఆమె. ఇప్పుడే, ఈ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాను. ఎందుకక్కా అంత గాబరా అని అడిగింది. షుగర్ వాళ్ళకి జాగ్రత్తమ్మా అన్నాను. ఎంత మంచి నర్సునో! ఛీ.

జూలై 4, శనివారం

నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక వెనక తొట్టెలోని పాచి రాళ్ళు తెచ్చి ముందు తొట్టెలో పెట్టాను. మేత డబ్బా కూడా సగం ఒంపాను.

ఇవాళ చూడాలి తమాషా. కస్టమర్ల కాళ్ళు ములక్కాడల్లా వేలాడుతున్నాయి, ఒక్క చేపా రాదు. ఒకాయన పట్టుదల కొద్దీ పాదాన్ని తీసుకెళ్ళి చేప మూతి దగ్గరే పెట్టాడు. అది పక్కకి తప్పుకుని రాయికి అతుక్కుంది. డబ్బులు వెనక్కివ్వమని గోల. రాళ్ళు చూసిన రాజగోపాల్ గారు నన్ను పొమ్మని, అక్కడికక్కడే నా కోటు విప్పించి సమీనాకి వేశారు. నిజమే, సరిపోయింది.

అక్కడ నేను చేసిన ఒక్క మంచి పనీ దొంగచాటుగా చేశాను. అదీ తాతగారి కాలు పాడయ్యాక.

జూలై 5, ఆదివారం

స్టాన్లీకి జరిగిందంతా చెప్పాను. కాటన్‌పేట వాళ్ళకి మాత్రం చెప్పొద్దన్నాడు. కేసు పెడితే నర్సు రిజిస్ట్రేషన్ పోతుంది, ఇక ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు అన్నాడు. నాకూ ఆ మాటే ఎవరైనా అంటే బాగుండునని ఉంది. అందుకే స్టాన్లీకి చెప్పాను.

జూలై 15, బుధవారం

ఆసుపత్రికి వెళ్ళాను. తాతగారి బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు.

మునిలక్ష్మి వార్డులో అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకుంది. ఇంకొంచెం ఆలస్యం అయ్యుంటే మోకాలి దాకా పోతా ఉండెనంట అక్కా, డాక్టరే చెప్పినారు, నువ్వు ఫోన్‌లో అరిచినందుకే మా మామ కాలు నిలిచింది అంది. పక్క మంచం వాళ్ళు కూడా నాకు దణ్ణం పెట్టారు. వాళ్ళ కొట్లోంచి తెప్పించిన పట్టుచీర చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ప్రభువా, తీసుకున్నాను.

ఇంటికి పోయాక కట్టు మార్చడానికి నువ్వే రావాలక్కా, ఇంకెవరినీ మామ ఒప్పుకోడు అంది.

ఇంటికొచ్చి చీరని మంచం కిందికి తోసేశాను. కంటికి కనబడకూడదు.

జూలై 27, సోమవారం

రోజూ పొద్దున్నే మా ఇల్లున్న హూడి నుంచి బస్సులు మారి కాటన్‌పేట. మెట్లెక్కేటప్పుడు ఇవాళ చెప్పేస్తాను అనుకుంటాను. చాందిని ఎదురొచ్చి బ్యాగు అందుకుంటుంది, మా నర్సాంటీ అని పక్కింటి పిల్లలకి చూపిస్తుంది. కట్టు విప్పుతాను, కడుగుతాను, కడతాను. కాఫీ తాగి వచ్చేస్తాను.

ఇవాళ ఆయనే ఎత్తారు చేపల మాట. వాగులో అయితే ఏమి తింటాయమ్మా అవి అని. చెప్పాను. రాళ్ళు, పాచి, గోధుమరంగువి గీకడం, చారలవి వెనకే తిరిగి ఏరుకోవడం, మాల్‌లో రాయి లేకపోవడం, పస్తు పెట్టడం. అన్నీ చెప్పాను, ఒక్కటి తప్ప. అట్లయితే వాటి తప్పేమీ లేదు పాపం అన్నారు ఆయన.

దూది కోసం వెతుకుతున్నట్టు బ్యాగులో తల దూర్చాను.

ఆగస్టు 8, శనివారం

పుండు దాదాపు మానింది. కట్టు కట్టడం అయ్యాక, స్పర్శ ఏమన్నా వస్తోందేమోనని అరికాలిని వేలితో నొక్కాను. తెలుస్తోందా తాతగారూ అన్నాను.

తెలీలేదమ్మా అన్నారు. ఆ పొద్దు చేపల కాడ కూడా ఇట్లే నొక్కితివి. అప్పుడూ తెలీలేదు. నువ్వు నొక్కేది కండ్లతో చూస్తిని, అంతే.

నువ్వే చెప్తావని దినమూ కాచుకొని ఉండా అన్నారు.

కాలు మాత్రం నా ఒళ్ళోంచి తీసుకోలేదు.