అడుగు చూసి కొన్న లాప్‌టాప్

బావా,

నువ్వు వెళ్లి తొమ్మిది నెలలైంది. బాగున్నావా అని అడగడానికి నాకే అదోలా ఉంది గానీ, అడక్కుండా ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు... బాగున్నావా?

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నీ సంవత్సరీకం కాకుండానే ఇంట్లోకి కొత్త వస్తువు తెచ్చాను. లాప్‌టాప్. నీ చెల్లెలు దమయంతికి. ఏటి సూతకంలో కొత్త గుడ్డ, కొత్త గిన్నె కూడా కొనకూడదని తెలిసే తెచ్చాను. తప్పు చేశానని మీ అన్నయ్య అన్నారు, మీ వదిన అంది, మన వీధిలో సగం మంది అన్నారు. నేను మాత్రం అనుకోవడం లేదు.

ఏం జరిగిందంటే... స్టేషన్ రోడ్డులో దమయంతి పనిచేసే నెట్ సెంటర్ మూసేశారు. ఓనరు విశాఖ వెళ్లిపోయాడు. ఆరేళ్లు ఆ కుర్చీలో కూర్చుని నౌపడ మొత్తానికి పింఛన్ల కాగితాలు, సర్టిఫికెట్లు, పిల్లల స్కాలర్‌షిప్పులు అన్నీ నింపింది కదా. సెంటర్ మూసినా జనం ఆగలేదు, కాగితాలు పట్టుకుని మన అరుగు మీదకే వచ్చారు. మెషీను లేదని అందరినీ తిప్పి పంపేది.

అది విని మీ అన్నయ్య విజయనగరం నుంచి వచ్చారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతున్నారట, ఇంట్లో చిన్న పిల్లలున్నారట, దమయంతి వస్తే ఇంత తిని వాళ్లని చూసుకుంటుందట. దసరా వెళ్లాక తీసుకుపోతానన్నారు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. సాయంత్రానికి దమయంతి బట్టలు మడిచి సంచిలో పెట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది బావా.

మొగుణ్ణి వదిలి ఆమె మన గుమ్మంలోకి వచ్చిన రోజు నువ్వేమన్నావో నాకు గుర్తుంది.

"నా సెల్లి ఎవలింట్లోనూ అంట్లు తోమదు. దాని పని అది సేసుకుంటాది, దాని కూడు అది తింటాది."

ఆ మాట నీతోనే పోయిందనుకున్నారా వీళ్లంతా?

మీ అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, లాప్‌టాప్ ఎందుకు పిన్నీ, ఫోన్లోనే అన్నీ అయిపోతాయి కదా అన్నాడు. పది పేజీల దరఖాస్తు ఫోన్లో నింపి, ఫొటో కొలత తగ్గించి ఎక్కించి ఒక్కసారి చూపించమన్నాను. ఫోన్ పెట్టేశాడు.

నీ బండి అమ్మేశాను. మీ అన్నయ్య ఊరొచ్చినప్పుడల్లా దాన్ని తనదే అనుకుని తోలుతున్నారు, తాళం ఆయన చేతిలోంచి తీసుకున్నాను. కోపమా? నువ్వు లేని బండి వాకిట్లో ఎండుతుంటే చూడలేకపోయానని కూడా రాసుకో.

ఇద్దరం బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాం. ఆటో ఎక్కగానే అరసవల్లికా అమ్మా అని అడిగాడు. ఈ ఏడాది మాకు గుడి కూడా లేదు. కంప్యూటర్ల షాపుకి పోనీ బాబూ అన్నాను.

షాపాయన ముందు ఒక వెండిరంగుది తెచ్చాడు. అప్పడంలా పలచగా ఉంది, అక్షరాల కింద లైట్లు కూడా వెలుగుతున్నాయి. అడుగు చూపించండి అన్నాను. నేను తెలియక అడుగుతున్నానని మూత తెరిచి చూపించాడు. మూత కాదు, బోర్లించండి అన్నాను. దమయంతి నా కొంగు పట్టుకుని లాగింది. నేను ఆగలేదు.

టెక్కలిలో మిక్సీ కొన్ననాడు నువ్వు జారుతో సహా బోర్లిస్తే జారు కిందపడి పగిలింది, గుర్తుందా? షాపువాడు తిడుతుంటే నువ్వు నాకు పాఠం చెప్పావు.

"వస్తువు మొకం సూసి మురిసిపోకే. ముందు అడుగు సూడు. మన ఉప్పుగాలి తినడం అక్కణ్ణించే మొదలెడతాది."

ఇరవై ఏళ్లు ఉప్పుమళ్లలో మోటార్లు విప్పి బిగించినవాడివి. నీతో కాపురం చేసిన నేను ఇంకోలా ఎలా కొంటాను?

ఆ వెండిరంగుదాన్ని విప్పడం మామూలువాళ్ల వల్ల కాదట. మెమరీ పెంచడానికి వీల్లేదట. ఒక్క అక్షరం మీట పాడైనా పైభాగం మొత్తం మార్చాలట. వద్దన్నాను. ఎర్రలైట్లది ఇంకోటి తెచ్చాడు, అది ఆటలాడుకునేవాళ్లకట. మా వదినామరదళ్లం ఆడే ఆటలేమిటో అతనికే తెలియాలి.

పాతవేమైనా ఉన్నాయా అంటే, ఆఫీసుల్లో వాడి అమ్మేసినవి, బాగుచేసినవి నాలుగు లోపలి నుంచి తెచ్చాడు. ఒకదాని స్క్రూ మీద తుప్పు చుక్క కనబడింది. ఇది సముద్రం పక్క నుంచి వచ్చింది కదూ అన్నాను. అతను నన్నోసారి చూసి దాన్ని పక్కన పెట్టేశాడు.

చివరిది నల్లది. మందంగా, బరువుగా, ఏ సోకూ లేకుండా ఉంది. అడుగున ఆరు స్క్రూలు, ఆరూ తళతళలాడుతున్నాయి. నీ చిన్న స్క్రూడ్రైవర్ నా సంచిలో పెట్టుకునే వెళ్లాను. నన్ను ముట్టుకోనివ్వలేదు గానీ తనే విప్పి చూపించాడు. లోపల మెమరీకి ఇంకో గది ఖాళీగా ఉంది. కుడిపక్క అంకెల మీటలు విడిగా ఉన్నాయి. దమయంతి వాటి మీద వేళ్లు పెట్టి, చూడకుండానే ఎవరిదో ఆధార్ నంబరు గబగబా కొట్టేసింది. నెలరోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాను. కొత్త బ్యాటరీ వేయించి, ఏడాది గ్యారంటీ అని బిల్లు మీద రాయించుకుని వచ్చాం.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు గొడవ. కొత్త వస్తువుకి బొట్టు ఎవరు పెడతారు? ముత్తైదువ పెట్టాలి. ఇంట్లో ఉన్నది మొగుడు పోయిన నేను, మొగుణ్ణి వదిలేసిన దమయంతి. మీ వదినని ఫోన్ చేసి రమ్మంటే, సూతకంలో కొన్నదానికి నా చెయ్యి తగలనివ్వనంది. ఇరుగుపొరుగు కూడా తలుపు చాటునుంచే సమాధానం చెప్పారు.

రెండు రోజులు అది సంచిలోనే ఉండిపోయింది. దమయంతి తెరవనంది. సంవత్సరీకం అయ్యేదాకా, ఇంకో మూడు నెలలు ఆగుదామంది. మూడు నెలలు ఆగితే ఉండేది లాప్‌టాప్ మాత్రమే, మనిషి విజయనగరంలో ఉంటుంది.

మూడోరోజు పొద్దున్నే తలస్నానం చేసి కుంకుమ భరిణ తీశాను. నీ పదోరోజు తర్వాత దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఏడ్చాను, నీ దగ్గర దాచడమెందుకు... అయినా పెట్టాను. మూత మీద కాదు. బోర్లించి, ఆ ఆరు స్క్రూల మధ్యన పెట్టాను. నువ్వుంటే ముందు చూసేది అక్కడే కదా?

ఇప్పుడు మన అరుగు మీద జనం. సంచిలో బట్టలు మళ్లీ దండెం మీదకి వచ్చాయి. మీ అన్నయ్య ఫోన్ చేస్తే, దమయంతికి ఖాళీ లేదండీ అని చెప్పాను. సాయంత్రం సముద్రపు గాలి తిరగ్గానే ఆమె మూత వేసి నీ పాత లుంగీ కప్పుతుంది.

నీ సంవత్సరీకం పిలుపు కాగితం కూడా దాని మీదే కొడుతుంది. పిలిచేవాళ్ల పేర్లలో మొదట నాది, పక్కన దమయంతిది. మీ అన్నయ్య వస్తే పీట వేస్తాను. రాకపోతే మానేయమను.

బల్ల రాపిడికి ఆ బొట్టు ఊరికే చెరిగిపోతోంది బావా. చెరిగినప్పుడల్లా మళ్లీ నేనే పెడతాను.

నీ
ఆదిలక్ష్మి