చిక్కుడు గింజలు ఒలుస్తూ విన్న పుస్తకం

చెల్లెలు మెలానియాకి,

మూడు రోజులుగా ముసురు. చక్కెర దుంపల తవ్వకం ఆగిపోయింది. తేనెపెట్టెల మీద గడ్డి కప్పి వచ్చి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, మీ వదిన తెక్లా, ఆవూ కులాసా. ల్వీవ్‌లో నువ్వూ పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మీ ఆయన బాగానే తిన్నాడు, బీట్‌రూట్ పులుసు మారు అడిగి వేయించుకున్నాడు. దగ్గు తగ్గింది. ఎప్పుడు వస్తాడన్నది చివర్న చెబుతాను. అది ఫోనులో చెప్పలేకే ఈ ఉత్తరం.

ఖార్కివ్‌లో తన అచ్చాఫీసు మీద బాంబు పడ్డాక, మంటలార్పిన నీళ్ళకు తడిసిన ప్రూఫు కాగితాల ఫారాలన్నీ బావ అద్దె వ్యానులో మా ఇంటికి తెచ్చాడని నీకు తెలుసు. ఎనభై ఎనిమిదేళ్ళ బడిపంతులు తన ఊళ్ళో నీటితో తిరిగే పిండిమర గురించి రాసుకున్న పుస్తకం. కంప్యూటర్లు కాలిపోయాయి. ఆ పుస్తకానికి మిగిలింది ఆ కాగితాలే. అటక మీద ఉల్లిపాయలు ఆరబెట్టే తీగలకు వేలాడదీశాం.

"ఉల్లి వాసన కొట్టే పుస్తకం ఎవరు కొంటారు అన్నయ్యగారూ?" అంది తెక్లా.

"చదివి కళ్ళు తుడుచుకుంటే పంతులు గొప్పగా రాశాడనుకుంటారమ్మా" అన్నాడు బావ.

ఆయన పద్ధతి నీకు కొత్త కాదు. అచ్చుకు ముందు పుస్తకమంతా నాకు చదివి వినిపిస్తాడు. నేను చిక్కుడు గింజలు ఒలుస్తుంటాను. నా చేతులు ఆగితే వాక్యం బాగున్నట్టు. ఆవులిస్తే పక్కన గీత. కుర్రతనంలో నిషేధించిన పుస్తకాలు కార్బన్ కాగితాల మీద దొంగచాటుగా టైపు కొట్టినప్పుడూ ఇంతే. సోవియట్ సర్కారు ఉద్యోగం ఊడగొట్టి రెండేళ్ళు బాయిలరుకు బొగ్గు వేయించినా, అది కాగానే మళ్ళీ మొదలెట్టాడు. చక్కెర ఫ్యాక్టరీ మనకు జీతానికి బదులు చక్కెరే ఇచ్చిన రోజుల్లో నీ వాటా బస్తాలు పట్టుకుపోయి కాగితం తెచ్చాడు. నువ్వు వారం రోజులు మాట్లాడలేదు.

ఒకసారి తను అచ్చువేసిన తేనెటీగల పుస్తకంలో రాణి ఈగ అని రాసి పోతు ఈగ బొమ్మ వేశాడు. నేను నవ్వాను. మర్నాడే బయల్దేరి ఊరూరా కొట్లు తిరిగి, ప్రతి ప్రతిలోనూ సరైన బొమ్మ తన చేత్తో అతికించి వచ్చాడు. అంత పట్టుదల మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. బావని బుజ్జగించి పంపమన్నావు. సరేనన్నాను. బుజ్జగించే పనే పడలేదు. ఆదివారం ఆయనే అన్నాడు, "ఇక చాలు ఒమెల్కో. అరవై నాలుగేళ్ళు వచ్చాయి. మెలానియా దగ్గరికి పోతాను." మంగళవారం రైలుకి టికెట్టు కొన్నాడు. సంచీ కట్టాడు.

సోమవారం నేను పుస్తకంలో సంగతి అడిగాను. "వరదలో కొట్టుకుపోయిన పంతులు తమ్ముడు దొరికాడా?"

"ఆ ఫారం చదవలేదుగా."

"అది వినకుండా నిన్నెలా పంపుతాను?"

"నీ చెల్లెలు నిన్ను బతకనివ్వదు."

"మా గొడవ మేం పడతాం. కూర్చో."

చదివాడు. తమ్ముడిని వెతకబోయే చోట ఆరు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. విడదీస్తే అక్షరాలు ఊడొచ్చాయి. బావ ఆ పేజీలు పక్కన పెట్టి, "పంతులు ఇంకా బతికే ఉన్నాడు. ఖార్కివ్‌లోనే ఉన్నాడు. అడిగి రాసుకోవాలి" అన్నాడు. సంచీలోంచి బట్టలు తీసి ఫారాలు సర్దాడు.

వచ్చేవాడే మెలానియా. ఆపింది నేను. నీ కిటికీ దగ్గర కూర్చుంటే క్షేమంగా ఉండేవాడు. కానీ పుస్తకాల పని లేకపోతే ఎంత కుంగిపోతాడో బాయిలరు రోజుల్లో చూశాను. ఖార్కివ్‌లో ఆయనకేమన్నా అయితే ఆ తప్పు నాది. కోపం ఆయన మీద పెట్టుకోకు, నా మీద పెట్టుకో.

బుధవారం పొద్దున్న ఆరుంబావుకి బావ ఖార్కివ్ బస్సెక్కాడు. ఒక్కడే వెళ్ళాడు.

ఇట్లు,
మాట తప్పిన నీ అన్నయ్య
ఒమెల్కో