శుక్రవారం ఆగిన గూళ్ళు

మార్చి 26, బుధవారం

పట్టుగూళ్ళు విడిపించడం పూర్తయింది. పురుగులు గూళ్ళు అల్లుకునే వెదురు చంద్రికలన్నీ ఖాళీ. రాగుల డబ్బాలో అడుగు కనిపిస్తోంది. గూళ్ళు అమ్మగానే మూట రాగులు తెస్తానని అత్తకు మాటిచ్చాను. ఆమెకు షుగర్. రాగి సంగటి తప్ప ఏదీ పడదు. నిరుడు రాగిచేను తీసేసి మల్బరీ పెడదామని పట్టుబట్టింది నేనే.

మార్చి 27, గురువారం

రేటు పడిపోయిందని మా ఆయన మంజునాథ్ హిందూపురం మార్కెట్ నుంచి గూళ్ళు వెనక్కి తెచ్చాడు. రేపు ఎంతొస్తే అంతకు ఇచ్చేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటిస్తామా? లోపలుండే పురుగు వారం చూస్తాదా, పంపీమ్మా అని అత్త అంది. నేను వినలేదు.

మార్చి 29, శనివారం

అమావాస్య. బండి కదల్లేదు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. బొబ్బట్లు చెయ్యలేదు. రేపు రంజాన్, కొనేవాళ్ళు రారట. ఎండ మండిపోతోంది. ఒక గూడు చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపలి పురుగు గలగలమంది. ఇంకా ఏం కాలేదులే అనుకున్నాను.

ఏప్రిల్ 1, తెల్లవారుజాము 5

గూళ్ళకు చిల్లులు. గూళ్ళు పరిచిన దుప్పటి నిండా తెల్లటి సీతాకోకలు, తడి రెక్కలతో పాకుతున్నాయి. మా ఆరేళ్ళ వెన్నెల సంబరంగా చప్పట్లు కొట్టింది. దాన్ని కొట్టబోయి చెయ్యి దించుకున్నాను. చిల్లు పడిన గూటిలో దారం తెగిపోతుంది, ఎవరూ కొనరు. మా ఆయన దుప్పటి నాలుగు మూలలూ పట్టి మూటకట్టాడు. నన్ను తిట్టినా బాగుండేది.

మే 6

మూడు పూటలా రేషన్ బియ్యమే. అత్తకు షుగర్ పెరిగింది. ఆకలి లేదు, బిడ్డకు పెట్టు అంటోంది. అబద్ధం. నాకు సిగ్గుగా ఉంది.

మే 19

అత్త వాసానికి కట్టిన మూట దించింది. విత్తనం రాగులు. వానొస్తే ఒక్క మడిలోనైనా చల్లుకుందామని నిరుటి పంటలోంచి దాచినవి. విత్తనం తింటామా అత్తా అని అరిచాను. బిడ్డ సంగటి అడుగుతాండాది, నువ్వు గమ్మునుండు అంటూ తిరగలి ముందు కూర్చుంది.

మొదటి ముద్ద వెన్నెలకు, రెండోది నాకు పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. రుచిగా ఉంది. అదే నాకు కష్టంగా ఉంది.

జూన్ 8

రాత్రంతా వాన. విత్తనం చల్లడానికి మంచి పదును. ఊరంతా చేలల్లోనే ఉంది.

అత్త ఖాళీ మూటగుడ్డను మళ్ళీ వాసానికే కట్టింది.