అన్నప్రాశన నాటి ఎర్ర గుర్రం

అమ్మా, రాజమండ్రి చేరాను. అన్నప్రాశనలో బాబు నోట్లోంచి బొమ్మ గుర్రాన్ని లాక్కున్నానని పదిమందిలో "కుళ్ళుబోతు దానా!" అన్నావు. ఫోన్లో నా మాట సగంలోనే ఆపేస్తావు, అందుకే ఈ కార్డు.

కుళ్ళు లేదనను. పది రోజులు కష్టపడి లక్క పట్టించి, మొగలాకుతో మెరుగుపెట్టిన నా పసుపు ఏనుగుని పళ్ళెం పక్కన పెడితే, బాబేమో వాళ్ళ పిన్ని, అదే వదిన చెల్లెలు హర్షిత చేసిన ఎర్ర గుర్రం వైపే పాకాడు. నాన్న కూడా "అదీ బొమ్మంటే!" అన్నారు. ఒళ్ళు మండింది. కానీ మీరంతా ఫోటోలు తీస్తుంటే బాబు పెదవికి ఎర్రరంగు అంటడం నేనొక్కదాన్నే చూశాను.

ఇక్కడ మాకు బొమ్మల పని నేర్పే అబ్బులు గారు నేను వెంట తెచ్చిన ఆ గుర్రాన్ని తడిగుడ్డతో రుద్దితే గుడ్డంతా ఎర్రబడింది. "గేట్లకేసే రంగు తల్లీ ఇది, సరిగ్గా ఆరనూ లేదు! పసోళ్ళు బొమ్మని నోటితోనే చూస్తారు" అన్నారు. నా ఏనుగునీ అలాగే రుద్ది చూడండి.

మిక్సీ బాగైందా? నోట్లో పెట్టుకున్నా హాని చేయని ఎర్రరంగు తీయడానికి జాఫ్రా గింజలు పాలకొల్లులో దొరికితే అరకిలో పంపు. నాన్నకి నమస్కారాలు, బాబుకి ముద్దులు.

హర్షిత తన గుర్రాన్ని తిరిగి అడుగుతోందట. ఇవ్వను. బాబుకి నేనే ఒకటి చేస్తున్నాను, దానికంటే ఎర్రగా.

పావని