లిస్టులో రాజేశం పేరు

షార్జా క్యాంపు, శనివారం

అక్కకు,

నీ కాళ్లకు మొక్కి తమ్ముడు మల్లేశం రాస్తున్నాను. నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనుకుంటాను. తెలంగాణ బందులతో సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు ఆగాయని బావ ఫోన్లో చెప్పాడు. ఇక్కడ మధ్యాహ్నం ఇనుప కడ్డీ ముట్టుకుంటే చర్మం లేస్తుంది. తిండికి మాత్రం లోటు లేదు, నా గురించి రంది పెట్టుకోకు.

నెట్ వచ్చే ఫోన్ కొన్నానని చెప్పాను కదా. అన్నం తిన్నాక గదిలో అందరికీ అందులోని వింతలు చదివి వినిపించేవాణ్ని. ఆక్టోపస్ అనే సముద్రపు జీవికి మూడు గుండెలుంటాయట. శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి ఏడాది కంటే పెద్దదట. పది తప్పినవాణ్ని. నా మాట వినడానికి అంతమంది కూర్చోవడం అదే మొదలు.

మీ వాడకట్టు రాజేశమన్న ఒక్కడే నమ్మేవాడు కాదు. "కొత్తోడు, జర చూస్కో తమ్మీ" అని నువ్వు నాకు అప్పగించిన రాజేశమన్నే. ఇన్నేళ్లు సాంచెల మోతలో పనిచేసిన మనిషి, మెల్లగా మాట్లాడటం రాదు. "ఎవని చెవుల పువ్వులు పెడుతున్నవ్‌రా? మూడు గుండెలుంటయా?" అని గది అదిరేటట్టు అనేవాడు. అందరూ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

పోయిన వారం శుక్రవారం రాత్రి ఆ కసితోనే, ఫోన్లో ఉన్నట్టే ఒక అబద్ధం చదివాను. తెలంగాణ ఇచ్చేశారని, గల్ఫ్ నుంచి తిరిగొచ్చే నేతవాళ్లకు సర్కారు కొలువులని, మొదటి లిస్టు పెట్టారని. అందులో అతని పేరు తండ్రి పేరుతో సహా చదివాను. మూడు గుండెలను నమ్మనివాడు దీన్ని నమ్మాడు. రెండుసార్లు చదివించుకుని, "ప్యూన్ కొలువైనా సాలు తమ్మీ" అన్నాడు, చాలా మెల్లగా. మిగతావాళ్లు దుప్పట్లలో మొహాలు దాచుకుని నవ్వారు. ఇంటికి ఫోన్ చేస్తానంటే, చేరేదాకా చెప్పకు, దిష్టి తగులుతుందని నేనే ఆపాను.

తెల్లారి చెబుదామనుకున్నాను. బస్సులో అతను "ఇయ్యాల పని ఇడిసిపెడుతున్నని రాసిచ్చేస్త" అన్నప్పుడు అందరూ నా మొహమే చూశారు. నా పరువు పోతుందని నోరు మూసుకున్నాను. అతను ఫోర్‌మన్ ముందు హెల్మెట్ నేలకేసి కొట్టి, "నీ చాకిరి నువ్వే చేస్కో, మాకు తెలంగాణ అచ్చింది" అన్నాడట. మధ్యాహ్నానికి వీసా రద్దయింది. మళ్లీ తీసుకోరు.

నిన్న ఎయిర్‌పోర్టుకు వ్యాన్ ఎక్కేముందు అడిగాడు. "ఒక్కపారి సూడరాదు తమ్మీ, నా పేరు ఇంకా గా లిస్టుల ఉన్నదా?"

ఫోన్ తీసి చూసి, "ఉన్నదన్నా" అన్నాను.

"నేను పోంగనే పెద్ద సారును అడిగి నీ పేరు గూడ ఎక్కిపిస్త. నువ్వు సదువుకున్నోనివి, గీడ ఉండద్దు" అని నా తల నిమిరాడు.

ఫోన్ చేస్తే ఇవాళే నీకు తెలుస్తుంది, నాకు తెలుసు. నీ తిట్లు చెవులారా వినే ధైర్యం లేక రాస్తున్నాను. ఈ ఉత్తరం చేరేలోగా అతను ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు. అప్పటికే అందరూ నవ్వి ఉంటారు. ఒక్క సాయం చెయ్యి అక్కా. నిజం చెప్పకు. నెట్‌లోనే తప్పు పడ్డదని, మల్లేశం కూడా మోసపోయాడని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. దీవించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
మల్లేశం