ఇల్లు మారిన తేదీ

ఈరీ, పెన్సిల్వేనియా
ఫిబ్రవరి 9, 2019

ప్రియమైన థాడ్,

నీ జీతం కాగితాలు అందాయి. ఏటా పన్నులు రాసిపెట్టే అక్క ఉంది కాబట్టి బతికిపోతున్నావు. ఈసారి రెండు రాష్ట్రాలకు కట్టాలి. ఇల్లు మారిన రోజు దాకా వచ్చిన జీతానికి ఇక్కడ, ఆ తర్వాతిదానికి ఒరెగాన్‌లో. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం కదా, నీతోపాటే పన్నూ బయల్దేరింది. ఇల్లు మారిన తేదీ జులై మూడని వేస్తున్నాను. ఆ పొద్దున నీ దారి తిండికి ఆలుగడ్డ కూరిన పియరోగీలు డబ్బాలో పెట్టిచ్చాను, గుర్తుందిగా.

అక్కడి వాన నీకు పడిందా?

నీ అక్క,
రెనాటా

పోర్ట్‌లాండ్, ఫిబ్రవరి 17

ప్రియమైన అక్కా,

జులై మూడు కాదు, జూన్ ఇరవై నాలుగు వెయ్యి. ఆ రోజే నేను ఊరు వదిలానని నువ్వొక కాగితం రాసి, సంతకం పెట్టి జతచెయ్యి. ఫోన్లో మాత్రం ఈ మాటెత్తకు, ఉత్తరమే రాయి.

వాన బాగానే పడింది.

థాడ్

ఈరీ, ఫిబ్రవరి 26

ప్రియమైన తమ్ముడూ,

లెక్కల్లో నువ్వు ఏం మారలేదురా. మన రాష్ట్రం నూటికి మూడు తీసుకుంటుంది, ఒరెగాన్ తొమ్మిది దాకా. తేదీ వెనక్కి జరిపితే నూరు డాలర్లకు పైగా నీకే నష్టం. పన్ను తగ్గించుకోడానికి తేదీలు జరిపేవాళ్ళను చూశాను, పెంచుకోడానికి జరిపేవాణ్ణి నిన్నే చూస్తున్నా. పైగా ఎవరూ అడగని సాక్ష్యం దేనికి? నేనే పొరబడ్డానేమోనని పాత క్యాలెండర్ కూడా తీశాను. జులై మూడే.

కారణం చెప్పు.

రెనాటా

పోర్ట్‌లాండ్, మార్చి 8

అక్కా,

పోయేది నా డబ్బేగా! అమ్మ ఉంటే ఇన్ని ప్రశ్నలు వేసేదా? చెప్పింది చెయ్యి.

మిసెస్ హాలొరన్ సంగతి ఊళ్ళో ఇంకా ఏమైనా అనుకుంటున్నారా?

థాడ్

ఈరీ, మార్చి 16

థాడ్,

ఆవిడ పేరెత్తకపోయినా బాగుండేది. పోయిన జూన్ ఇరవై ఎనిమిదిన పక్కింటి ఆవిణ్ణి బస్ స్టాప్ దగ్గర గుద్ది చంపి, ఆగకుండా పోయిన ట్రక్కు ఇంకా దొరకలేదు. ఆ వారమే నీ ట్రక్కు ముందుభాగం నొక్కుకుపోయింది. జింక అడ్డొచ్చిందన్నావు. ఈ ఊళ్ళో ఎవరి బండికి అడ్డు రాదు? నమ్మాను. నిన్న వాళ్ళాయన కంచె దగ్గర, "వెళ్ళేముందు మీవాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడమ్మా, బంగారం లాంటి పిల్లాడు" అన్నాడు.

నా అనుమానం తప్పైతే ఒక్క ముక్క రాయి, నీ కాళ్ళు పట్టుకుంటాను. కాకపోతే నువ్వే వచ్చి పోలీసులకు చెప్పు. ఏప్రిల్ పదిహేను దాకా ఆగుతాను. ఆ కాగితం మాత్రం రాయను.

రెనాటా

పోర్ట్‌లాండ్, ఏప్రిల్ 2

ప్రియాతిప్రియమైన అక్కా,

నీకు శ్రమ దేనికని పన్నులు నేనే పంపేశాను, జూన్ ఇరవై నాలుగు వేసి. నీ సాక్ష్యం కూడా జతచేశాను, నకలు ఇందులో ఉంది చూడు. అమ్మ పనికెళ్తే నా మార్కుల కాగితాల మీద నువ్వే సంతకం పెట్టేదానివి. సగం నేను పెట్టినవే, నీకు తెలీదు. ఇప్పుడు కాదన్నావో, అబద్ధాలకోరువి నువ్వే అవుతావు.

ఆరోగ్యం జాగ్రత్త.

థాడ్

ఈరీ, ఏప్రిల్ 8

థాడ్,

పోలీస్ స్టేషన్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ, ఆ నకలుతో సహా ఇచ్చేశాను. ఇక్కడి అధికారిణి తెల్లకాగితం ముందు పెట్టి, "మీ సంతకం చేసి చూపించండి" అంది. పెట్టాను. అచ్చం నువ్వు పెట్టిన దానిలాగే వచ్చింది. ఆవిడ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "మళ్ళీ పెట్టండి" అంది. మూడుసార్లు పెట్టాను. నమ్ముతున్నట్టు లేదు. నన్నింకా వెళ్ళమనలేదు.

అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. ఈ కింద సంతకం పెట్టేది మాత్రం నేనే.

నీ అక్క,
రెనాటా